మా అంగడికి తలుపు పెట్టినాక

హిందూపురం బజారులో మా బట్టల అంగడికి అద్దాల తలుపు పెట్టించింది నేనే. మా ఆయన పెట్టించాడని అనుకునేవాళ్ళు ఉన్నారు. పాపం, ఆయనకేమీ సంబంధం లేదు. నేనే మొండిపట్టు పట్టి, మా నాయనతో నెల రోజులు మాట్లాడకుండా పోట్లాడి మరీ పెట్టించాను. మాట్లాడకుండా పోట్లాడటం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే. అన్నం తట్ట కాస్త గట్టిగా పెడితే చాలు, అవతలివాళ్ళకు అంతా అర్థమైపోతుంది.

అంతకుముందు మా అంగడికి తలుపే లేదు. పొద్దుపోయాక మూసుకోవడానికి పద్నాలుగు చెక్క పలకలు ఉండేవి. గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి. పలకలను ఒక్కొక్కటే నిలబెట్టి వాటిలోకి తోయాలి. ప్రతి పలకకూ ఒక అంకె చెక్కి ఉండేది. ఏడో పలకను ఎనిమిదో చోట పెడితే చచ్చినా పట్టదు. చిన్నప్పుడు నేను కావాలనే వాటి వరుస మార్చి పెట్టి, నాయన వాటితో కుస్తీ పడుతుంటే బట్టల తానుల వెనక దాక్కుని నవ్వేదాన్ని. పొద్దున్నే పలకలన్నీ తీసి గోడవార పెట్టేస్తే, అంగడి మొత్తం వీధికి కనపడేది. లోపల పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి, దాని మీద మా నాయన. నడిచి పోయేవాళ్ళు నడుస్తూనే ఆయనను పలకరించేవాళ్ళు.

ఆ పలకలకు ఇంకో పని కూడా ఉండేది. మా బజారులో జ్వరం వచ్చినా, పండగైనా, ఇంట్లో పెండ్లైనా కనీసం రెండు పలకలు తీసి దీపం పెట్టేవాళ్ళు. పట్టపగలు అన్ని పలకలూ వేసి ఉన్నాయంటే ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారని. ఇంక ఎవరికీ కబురు పంపే పని లేదు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పలకలు చూసి, వెనక సందులో ఉన్న ఇంటి తలుపు దగ్గరకు వచ్చేసేవాళ్ళు. మా అవ్వ పోయిన పొద్దు మధ్యాహ్నానికల్లా సందు నిండిపోయింది.

మా తాత అంగడి పెనుకొండలో ఉండేది. రాతి స్తంభాలు, పైన బండల కప్పు, ముందర చిన్న అరుగు, అంతే. ఆ అరుగు బండ మీద గజం దూరంలో రెండు ఉలి గీతలు ఉండేవి. బట్ట కొన్నవాళ్ళకు అనుమానం వస్తే తాతను అడిగే పని లేకుండా ఆ గీతల మధ్య పరచి కొలుచుకునేవాళ్ళు. హిందూపురానికి వచ్చినాక మా తాత ఇక్కడి అరుగుకూ అట్లే గీతలు కొట్టించాడు. పెనుకొండ అంగట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. హిందూపురం అరుగును నేను పగలగొట్టించాను. గీతలున్న బండను మాత్రం నాయన ఇంటి వెనక్కి మోయించుకున్నాడు. మా అమ్మ ఇప్పుడు దాని మీదే బట్టలు ఉతుకుతుంది, గజానికి గజం.

నాకు ఈ అద్దాల పిచ్చి ధర్మవరంలో పట్టింది. పట్టుచీరలు తేవడానికి నెలకోసారి అక్కడికి పోతాను. ఒకసారి మండుటెండలో ఒక కొత్త షాపులోకి అడుగుపెట్టాను. తలుపు నా వెనక దానంతట అదే మూసుకుంది. లోపల ఏసీ, కళ్ళు చెదిరే లైట్లు, చీరలు కట్టుకుని నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన బొమ్మలు. చేతికి కాఫీ ఇచ్చారు. చెమట ఆరేసరికి నాకు మా అంగడి మీద అసహ్యం పుట్టింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, పుట్టింది. తిరుగు రైలు పెనుకొండ దాటకముందే తలుపు ఎట్లుండాలో మనసులో గీసేసుకున్నాను.

నాయనకు మోకాళ్ళు పోయి అప్పటికి రెండేళ్ళు. అంగడి నాకు అప్పజెప్పి, వెనక ఇంట్లో మంచం పట్టుకుని కూర్చున్నాడు. నా మాట విని, అంగడికి తలుపు పెట్టడమంటే జనాన్ని లోపలికి రావద్దనడమే కదా అన్నాడు. నాకు చురుక్కుమంది. నీకు తెలిసిన జనం వేరు, ఇప్పటి జనం వేరు అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నాలుక ఊరుకుంటేగా. రెండేళ్ళయింది, నీ రొద్దం వాళ్ళు కూడా నిన్ను మరిచిపోయారు అనేశాను.

రొద్దం వాళ్ళంటే రొద్దం ఊరి పక్క పల్లెలో సేద్యం చేసుకునే ఒక పెద్ద కుటుంబం. మూడు తరాల నుంచి వాళ్ళింట్లో ఏ పెండ్లి జరిగినా బట్టలు మా అంగట్లోవే. మొదటి చీర మా నాయన చేతి మీదుగానే తీసుకునేవాళ్ళు. ఆ ఇంటివాళ్ళు ఏ అంగడి మెట్టెక్కితే పల్లె మొత్తం ఆ మెట్టే ఎక్కుతుంది. నా మాట నాయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. అంగట్లో కనపడని మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారని ఆ రెండేళ్ళలో ఆయనే ఎన్నోసార్లు అన్నాడు, ఎవరైనా కాదంటారేమోనన్న ఆశతో.

తట్టల చప్పుళ్ళతో నెల గడిచాక, చివరికి ఆయన అన్నాడు: "సరే పాపా, పెట్టు నీ తలుపు. వాళ్ళింట్లో మనవరాలి పెండ్లి ఉండాది. ఈ ముహూర్తాలు అయిపోయే లోపల వాళ్ళు వస్తే నువ్వు గెల్చినట్ల. రాకపోతే తలుపు పెరికించాల."

తలుపు వచ్చింది. దానితోపాటు ఏసీ, గాజు బల్ల, చీరలు కట్టిన బొమ్మలూ వచ్చాయి. లోపలి బట్టలకు ఎండ తగలకూడదని నల్ల అద్దం వేయించాను. బయటినుంచి చూస్తే మన ముఖమే కనపడేటంత నల్లగా. ఓపెన్ అని ఇంగ్లీషు అట్ట ఒకటి వేలాడదీశాను. పలకలు అటక ఎక్కాయి. అంగట్లో పనిచేసే ఇద్దరు ఆడపిల్లలకు ఒకే రంగు చీరలు కట్టించాను. మొదటి వారం టౌను పిల్లలు వచ్చి బొమ్మల పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నేను గాల్లో తేలిపోయాను.

రెండో వారానికి కిందికి దిగాను. పల్లెల నుంచి ఒక్కరూ రాలేదు. చెంగుకు డబ్బు మూట కట్టుకొచ్చే ఆడవాళ్ళు లేరు, ఒకే రంగులో పది చొక్కాల గుడ్డ అడిగే మగవాళ్ళు లేరు. చల్లటి గాలిలో కూర్చుని నాకు చెమటలు పట్టేవి. ఇంటికి భోజనానికి పోతే నాయన మజ్జిగ పోయించుకుంటూ ఒకసారి నా ముఖం చూసేవాడు. ఆ చూపు కన్నా రెండు దెబ్బలు కొట్టినా బాగుండు అనిపించేది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, వాళ్ళు రాకపోతే ఓడిపోయేది నేను ఒక్కదాన్నే కాదు. నన్ను నిజంగానే మరిచిపోయారు అని ఆయన నమ్మేస్తాడు. ఆ మాట ఆయన నోట్లో పెట్టింది నేనే.

ముహూర్తాలు అయిపోవడానికి ఇంకో పది రోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం, వెనక ఇంట్లోంచి ఏడుపు వినపడింది. ఒక గొంతు కాదు, నాలుగైదు గొంతులు. నాయనే పోయాడనుకుని, చేతిలో చీర అట్లే పట్టుకుని అంగడికీ ఇంటికీ మధ్య ఉన్న నడవలోంచి పరుగెత్తాను.

వెనక సందు వాకిట్లో రొద్దం వాళ్ళింటి పెద్దావిడ, రొద్దం అవ్వ, మా అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తోంది. ఆమె వెనక కొడుకులు, కోడళ్ళు. ఒకరి చేతిలో పూలమాల, ఒకరి చేతిలో మడత విప్పని కొత్త పంచె. మా అమ్మ వాళ్ళకన్నా గట్టిగా ఏడుస్తోంది. ఆమె ఎందుకు ఏడుస్తోందో తర్వాత చెప్పింది. పెండ్లి పెట్టుకున్నవాళ్ళు ఏడుస్తూ వస్తే, అయ్యో, వాళ్ళింట్లో ఎవరో పోయారని అనుకుందంట. ఎవరని అడగడానికి ఏడుపు అడ్డమొచ్చిందంట.

లోపల నాయన రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ముందర పెట్టుకుని ఉన్నాడు. నోట్లో ముద్ద ఉండగానే కేక వేశాడు: "ఎవురు పోయినారే?"

ఏడుపు ఆగిపోయింది. రొద్దం అవ్వ మా అమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. చూసి, మెల్లగా నడింట్లోకి వచ్చి, నాయన ఎదురుగా చతికిలబడింది. ఆయన చెయ్యి సంగటితో ఉన్నా సరే, పట్టుకుని నొక్కి చూసింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. పొద్దున పదింటి బస్సుకు పెండ్లి బట్టలకని వచ్చారంట. వచ్చి చూస్తే అంగడి మూసి ఉంది. లోపల దీపం లేదు, మనిషి జాడ లేదు. ఎదుటి టీ అంగడి దగ్గర కూర్చుని రెండు గంటలు చూశారంట. మా అంగడి పట్టపగలు మూసి ఉండటం వాళ్ళు చూసింది మా అవ్వ పోయినప్పుడే. ఇంక అడగడానికేముంది? సెట్టి పోయాడు అనుకున్నారు. అదే రెండు గంటలూ నేను అద్దానికి ఇవతల కూర్చుని, ఒక్కరూ రారేమి అని ఏడుపు ముఖం పెట్టుకుని ఉన్నాను. నాకూ వాళ్ళకూ మధ్య ఆ నల్ల అద్దం ఒక్కటే అడ్డం.

ముందు నవ్వింది నాయనే. పొలమారేదాకా నవ్వాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది, చావు కబురు అబద్ధమైతే ఆయుష్షు పెరుగుతుందిలే అని అందరికీ బెల్లం ముక్కలు పెట్టింది. మాల తెచ్చిన కొడుకు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక దాచుకున్నాడు.

నాయన చెయ్యి కడుక్కుని పంచె ఇట్లా తెమ్మన్నాడు. అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. ఇది ఎక్కడ కొన్నారని అడిగాడు. ఎదురంగట్లో అని నసిగారు. అరవై ఏళ్ళు బట్టలమ్మిన వాడికి, ఆఖరికి ఎదురంగటి బట్టా, అదీ మూడు ఉతుకులకు పోయేదా అని ఆయన నిజంగానే కోప్పడ్డాడు. మీ అంగడి మూసుంటే మేము ఇంకెక్కడ కొనాలి అని కొడుకు గొణిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను చేతిలో చీర మడత పెట్టుకుంటూ నిలబడ్డాను.

అంతలో నాయనకు ఏదో తట్టింది. నవ్వు ఆగిపోయింది. మా వైపు పెండ్లి పనులు మొదలుపెట్టినవాళ్ళు చావింటి గడప తొక్కరు. సొంత అన్నదమ్ములు పోయినా సరే, దూరం నుంచే దండం పెట్టుకుంటారు. తొక్కితే ఆ ముహూర్తానికి పెండ్లి జరగదు.

"ఏమక్కా," అన్నాడు నాయన, "ఇంట్లో పెండ్లి పెట్టుకొని చావింటికి ఎట్ల వచ్చినావు? పెద్దదానివి, నీకు తెలీదా?"

"తెలుసు సెట్టీ. మా కోడలు గూడా అదే అనె," అంది ఆమె. "పెండ్లిదేముంది, ఇంగో ముహూర్తానికి పెట్టుకుంటాం. నువ్వు మళ్ళా పోతావా?"

నాయన ఎదురంగటి పంచెతోనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను నడవలోకి పోయి నిలబడ్డాను. నేను అన్న మాట నాకు గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది. దాని వెంటే సంతోషం కూడా వచ్చింది, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ.

కాసేపటికి ఆయన నా భుజం పట్టుకుని లేచాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆ నడవ దాటి అంగట్లోకి వచ్చాడు. గాజు బల్ల వెనక్కి పోకుండా, నేల మీద దుప్పటి పరిపించి, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని, పెండ్లికూతురికి మొదటి చీర తన చేత్తో తీసి ఇచ్చాడు. బట్టలు ఎంచుకునేసరికి సాయంత్రమైంది. పందెం ఎవరు గెల్చినట్లో మాత్రం ఇప్పటికీ తేలలేదు. వాళ్ళు వచ్చారు కదా అని నేను, తలుపు తోసుకుని రాలేదు కదా అని ఆయన.

మరుసటి రోజు పొద్దున్నే నాయన ఇంట్లోంచి కుర్చీ మోయించుకొచ్చి, తలుపు బార్లా తీయించి, సరిగ్గా గడప మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. ఇంక తలుపు మూసుకునే దారే లేదు. నేను తెప్పించిన చల్లగాలంతా బజారుకు పోతోంది. ఎదురంగడాయన కూడా మా ఏసీ కింద వచ్చి నిలబడుతున్నాడు. పది రోజులు ఓర్చుకుని, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకో నాయనా, వచ్చేవాళ్ళకు తగులుతోంది అన్నాను.

నాయన వీధి వైపే చూస్తూ అన్నాడు: "నేను కనపడకపోతే, ఇంగెవురో పెండ్లి ఆపుకొని వస్తారు పాపా."

నేను పోయి ఏసీ ఆపేసి వచ్చాను.