పేరు చెప్పని ప్రార్థన మనవి

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మా చెల్లె సుగుణ పేరు. రోజూ ఆ టైముకే చేస్తుంది కాబట్టి స్టవ్ ఆపకుండానే ఎత్తాను.

సుగుణ కాదు. మరిది యోహాను.

"వదినా, సుగుణ లేస్తలేదు."

నేను నస్పూర్ నుంచి గోదావరిఖని చేరేసరికి అంతా అయిపోయింది. గుండెపోటు అన్నారు. నిద్రలోనే అన్నారు. సాయంత్రానికి సమాధి కూడా చేశాం.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. అది దిగమింగుకోలేక రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. సుగుణ నా వెనకాలే పుట్టింది. యోహాను బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. పెళ్లయిన కొత్తలో అతను డ్యూటీకి దిగిన ప్రతిసారీ ప్రార్థన చేసేది. తర్వాత ఆ క్వార్టర్ల లైనులో ఉన్న మగవాళ్లందరి కోసం చేయడం మొదలుపెట్టింది.

షిఫ్టు మారే వేళైతే చాలు. చిక్కుడుకాయలు తుంచుతూనో, పక్కింటి పిల్లకు జడ వేస్తూనో ఒక్కో పేరు మెల్లగా పలికేది.

అతను రిటైరయ్యాక, ఇంకెందుకే ఈ షిఫ్టు ప్రార్థనలు అని అడిగాను.

"నా మొగడు దిగుతలేడని బాయి బందయిందా అక్కా?" అంది.

పక్క క్వార్టర్ కొమురయ్యను వరుసకు బావా అని పిలిచేది. అతనికి దేవుడి మీద నమ్మకం లేదు, మందు మీద ఉంది. ఒకసారి నా ముందే గేటు దగ్గర ఆపాడు. "ఏం మరదలా, నా తాగుడు మీద మీ దేవునికి కంప్లైంట్ ఇచ్చినవట?"

"ఇచ్చిన బావా. ఎంక్వయిరీ నడుస్తుంది. అందాక డ్యూటీకి తాగి పోకు."

అతను నవ్వుకుంటూ పోయాడు.

ఆ కాలనీ స్త్రీలకు ఫోన్‌లో ప్రార్థన గ్రూపు ఒకటుంది. నస్పూర్‌లో ఉన్నా నేనూ అందులో ఉన్నాను. కొన్నేళ్ల కింద ఒకామె తన ఇంటి గొడవ కోసం పేరు పెట్టి ప్రార్థన అడిగితే, సాయంత్రానికి కాలనీ అంతా అదే ముచ్చట. పాపం, ఆమె చాలా కాలం చర్చి మొహం చూడలేదు. అప్పుడు సుగుణే రూల్ పెట్టింది. పేర్లు వద్దు, "ఒక సహోదరి" అని రాస్తే చాలు అని.

మంచి రూలే.

పోయిన వారం సుగుణ గ్రూపులో రాసింది. ఒక సహోదరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, ఎడమ చెయ్యి గుంజుతోంది, ప్రార్థించండి అని.

వరసగా ఆమెన్‌లు. దండం బొమ్మలు. ఎవరా సహోదరి అని గ్రూపులో ఒక్కరూ అడగలేదు.

నేను ఫోన్ చేసి అడిగాను.

"పేరు దేవునికి ఎర్కే అక్కా. నువ్వు ప్రార్థన చెయ్యి."

గుండె జబ్బులా ఉంది, ఆమెను జల్ది దవాఖానకు పొమ్మను అన్నాను. చెప్తాలే అంది. నేను మోకరించి ఆ సహోదరి కోసం ప్రార్థన చేశాను. మనసు పెట్టే చేశాను.

నిన్న సుగుణ కాళ్ల దగ్గర కూర్చుని యోహాను చెప్పాడు. కొన్నాళ్లుగా ఎడమ చేతికి బామ్ రాసుకుంటోందట. ఏమైందని అడిగితే, ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకున్నానని చెప్పిందట.

ఆ సహోదరి ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

కడుపు మండే సంగతి ఇంకొకటి. ఆ రోజుల్లో సుగుణ దవాఖానలోనే ఉంది. కొమురయ్య భార్యకు ఆపరేషన్ అయితే తోడు పోయింది. వార్డులో అడిగిన ప్రతి మనిషి మంచం దగ్గరా నిలబడి ప్రార్థన చేసిందట. డాక్టర్ రౌండుకు వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చిందట.

ఒక్క మాట చెప్పొద్దా సుగుణా?

పేరు దేవునికి తెలుసు, నిజమే. డాక్టరుకు తెలియదు కదా.

సమాధి దగ్గర కొమురయ్య నా పక్కకు వచ్చాడు. తాగి లేడు.

"వదినా, మా అందరి కోసం ఈమె అడిగేది. ఈమె కోసం ఎవలు అడిగిన్రు?"



పాస్టర్ గారు దేవుని చిత్తం అన్నారు. కావచ్చు, ఆయనతో వాదించను. కానీ ఆమెన్ అని టైప్ చేసి ఫోన్ పక్కన పడేయడం దేవుని చిత్తం కాదు. ఒకరి కోసం ప్రార్థన చేశామంటే, ఆ మనిషి ఎట్లా ఉందో పోయి చూసి రావాలి. సుగుణ అందరికీ అట్లాగే చేసింది. తనకు మాత్రం ఎవరినీ చేయనివ్వలేదు.

ఈ పొద్దున గ్రూపులో సుగుణకు పెట్టిన శ్రద్ధాంజలి మెసేజ్‌ల మధ్య ఇంకో మనవి వచ్చింది. ఒక సహోదరికి జ్వరం తగ్గడం లేదు, ప్రార్థించండి.

కింద మళ్లీ ఆమెన్‌లు.

రాసినామెకు ఫోన్ చేశాను. ఎవరమ్మా అంటే నసిగింది. గ్రూపులో వద్దు, నా ఒక్కదానికి చెప్పు అన్నాను. చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

ఆ పేరు ఇక్కడ కూడా రాయను. ఆటో మాట్లాడుకుని ఆ జ్వరమొచ్చినామె ఇంటికి పోయాను. దవాఖానకు రానంటే చెప్పులు తెచ్చి ముందర పెట్టాను. ఇప్పుడు ఓపీ దగ్గర కూర్చున్నాం. ఆమె నా భుజం మీద తల ఆనించి పడుకుంది. ఒంటి చేత్తో ఇది టైప్ చేస్తున్నాను.

సుగుణా, నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గడానికి టైం పడుతుంది.

పోయిరా చెల్లె. ఆయన దగ్గరికి పోయాకైనా ముందు నీ బాధ చెప్పుకో. ప్రభువు నీకు నెమ్మదినిచ్చు గాక.