అడగని జొన్నలు

మొన్న మా మరిది మనవడు పల్లె నుంచి ఫోనులో ఒక వీడియో పంపాడు. జమ్మలమడుగు దిక్కున ఉన్న మా అత్తవారి ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టి కొత్త మేడ కట్టుకుంటున్నాడు వాడు. పునాదుల కోసం జేసీబీ తవ్వుతూ ఉంటే ఇంటి ముందర నేల ఉన్నట్టుండి కుంగిపోయి, మనిషి నిలువునా దిగేంత గుంత బయటపడిందట. వీడియోలో ఊరంతా దాని చుట్టూ మూగి ఉంది. నిధి అని కొందరు, సొరంగం అని కొందరు. ఒక పెద్దమనిషి అయితే అది నేరుగా గండికోటలోనే తేలుతుందని చేతులు ఊపుతూ చెబుతున్నాడు. ఎందుకైనా మంచిదని ఎవరో నిమ్మకాయలు కూడా కోశారు. నేను ప్రొద్దుటూరులో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ చిన్న తెర మీద గుంత గోడలకు అంటుకున్న నల్లటి గడ్డిపోచలు చూశాను. అది జొన్నల పాతర. నిధి ఏమీ లేదు నాయనా, పూడ్చుకుని పని చూసుకోండి అని వాడికి ఫోను చేసి చెప్పాను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. నల్లరేగడి ఊళ్ళలో కలిగిన ఇళ్ళవాళ్ళు వాకిట్లో నేలను కడవ ఆకారంలో తవ్వించేవాళ్ళు. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. లోపల చుట్టూ ఎండుగడ్డి కట్టలు పేర్చి, జొన్నలు పోసి, మీద మళ్ళీ గడ్డి కప్పి, నాపరాయితో మూసి, మట్టి తొక్కి పేడతో అలికేవాళ్ళు. తరువాత దాని మీద పిల్లలు ఆడుకునేవాళ్ళు, ఎద్దులను కట్టేసేవాళ్ళు, పెళ్ళి పందిళ్ళు కూడా వేసేవాళ్ళు. కింద జొన్నలు ఏళ్ళకు ఏళ్ళు అలాగే ఉండేవి. ఒకటే షరతు. పాతర నోరు తెరిస్తే మొత్తం గింజలు ఒకేసారి బయటికి తీసేయాలి. గాలి తగిలిన గింజకు పురుగు పడుతుంది, మళ్ళీ పూడిస్తే నిలవదు. అందుకని కొంచెం తీసుకుని మూసేద్దామనే మాట ఉండదు. తీశారని తెలిస్తే ఊరంతా గంపలు పట్టుకుని వస్తుంది, లేదనడానికి నోరు రాదు. పాతర తీయడమంటే అందుకే ఇంటి యజమానికి ఆడపిల్ల పెళ్ళి కుదుర్చుకున్నంత ఆలోచన.

నేను ప్రొద్దుటూరు పిల్లను. మా నాయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. బియ్యపన్నం తిని పెరిగి, జొన్న రొట్టె చరచడం కూడా రాకుండా ఆ ఇంటికి కోడలినై వెళ్ళాను. నా మొదటి రొట్టె చూసి మా అత్త దాన్ని తీసుకెళ్ళి ఎద్దుకు పెట్టింది. ఎద్దు తిన్నందుకు నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఆ వీధిలో అందరూ ముసలివాళ్ళే అన్నట్టు ఉండేది నా కంటికి. మూలింటి అవ్వ ఒకామె చెవిటిది, అయినా వీధిలో ఎవరు ఎవరితో ఏమన్నారో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. ఇంకొకాయన జమ్మలమడుగు సంతకు పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి, ఊరు కనబడగానే కాళ్ళకు తొడుక్కునేవాడు. చెప్పులు అరిగిపోతాయని. కాళ్ళు అరిగితే ఎవరికీ బాధ లేదు. మా మామకు మాటలు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. నేను కాపురానికి వచ్చిన చాలా నెలల దాకా ఆయన పళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలియదు.

మా మామ నవ్వేది ఒక్కరి దగ్గరే, ఎదురింటి పెద్దాయన దగ్గర. వరసకు అన్న. ఆయన భార్య చనిపోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కూతురిని వీరపునాయునిపల్లె దిక్కు ఇచ్చారు. కాస్తంత చేను, ఒక మట్టి మిద్దె, అంతే ఆయన ఆస్తి. తన జొన్నలు తానే విసురుకుని, తన రొట్టె తానే కాల్చుకునేవాడు. ఎవరైనా కూర గిన్నె పంపితే తిరిగి గిన్నెలో చింతాకో, చారెడు చెనక్కాయలో వేసి పంపేవాడు గానీ ఖాళీ గిన్నె ఎన్నడూ పంపలేదు. పాతర తవ్వించుకునేంత పంట ఆయనకు లేదు. అలాంటివాళ్ళు బాగా పండిన ఏడు తమ మూటలు తెచ్చి పెద్ద పాతర ఉన్నవాళ్ళ గింజల్లో కలిపేసేవాళ్ళు. రాతా కోతా ఏమీ లేదు. పాతర తీసిన రోజు ఎవరి గింజలు వాళ్ళు కొలుచుకుని పోయేవాళ్ళు. నేను ఆ ఊరికి రావడానికి ముందు ఏడు పంట విరగబడి పండిందట. ఆ ఏడు మా మామ నింపిన పాతరలో ఎదురింటి పెద్దాయన జొన్నలు కూడా పడ్డాయి.

ఆ తరువాత వానలు పోయాయి. కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. ఒక ఏడు విత్తనం మొలిచి ఎండిపోయింది. రెండో ఏడు విత్తనం వేయడానికే పదును లేదు. చేలలో పగుళ్ళలో కర్ర దింపితే మొదలంటా దిగిపోయేది. ఎద్దులను అగ్గువకు అమ్మి తోలేశారు. పక్క ఊరి బడిలో సర్కారువాళ్ళు గంజి పోస్తున్నారని చెప్పుకున్నారు. మా వీధి ముసలివాళ్ళు దాని మాట ఎత్తితేనే మొహం తిప్పుకునేవాళ్ళు. చట్టి పట్టుకుని వరసలో నిలబడడం కంటే పస్తు మేలని వాళ్ళకు. మా ఇంట్లో గాదె అడుగంటింది. రొట్టెలు పోయి అంబలి వచ్చింది, అంబలి రోజురోజుకూ పలచబడింది. అయినా మా మామ పాతర మాట ఎత్తలేదు. మూడో ఏడు కూడా వాన రాకపోతే అప్పుడేం తింటారని ఆయన భయం. తన తాతల నాటి కరువులో తలుపులు మూసుకుని చచ్చిపోయిన ఇళ్ళ సంగతులు వింటూ పెరిగిన మనిషి. ఇంతకంటే చెడ్డ ఏడు ముందుంది, దానికి ఇది ఉండాలి అని మా అత్తతో చెప్పాడట. ఆయనది పిసినారితనమని నేను ఆ రోజు అనుకోలేదు, ఈ రోజూ అనుకోవడం లేదు. ఆయనా అందరితో పాటు ఆ పలచటి అంబలే తాగాడు.

ఎదురింటి పెద్దాయన రోజూ దీపాల వేళకు తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. తిన్నావా అని మా మామ అడిగేవాడు. ఇప్పుడే తిని లేచానని ఆయన చెప్పేవాడు. ఆయన పొయ్యి పొగ కూడా సాయంత్రం అందరి ఇళ్ళతో పాటే లేచేది. ఇంక అనుమానం ఎవరికి వస్తుంది? ఆయన ఏదో దాచుకున్నాడులే, ఒంటి మనిషి, సరిపోతుంది అనుకున్నాం. ఆ రోజుల్లో అందరూ చిక్కిపోయే ఉన్నారు కాబట్టి ఆయన చిక్కడం కూడా ఎవరి కంటా పడలేదు.

పడింది కంట కాదు, మా అత్త చెవిన. ఆమె కోడి కూయకముందే లేచే మనిషి. ఆ వేళకు వీధిలో ఇంటింటా విసుర్రాళ్ళు మోగేవి. ఏ రాయి ఎవరిదో ఆమెకు చప్పుడును బట్టి తెలుసు. ఒక రోజు పొద్దున్నే, నేను అక్కడే కసువు ఊడుస్తుండగా, అరుగు మీద కూర్చున్న మా మామ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ఎదురింట్లో విసుర్రాయి మోగక శానా దినాలాయ. ఆయప్ప ఏం తింటాండాడో నీకేమన్నా ఎరికేనా?"

మా మామ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి ఆ ఇంట్లోకి పోయాడు. వెనకాలే మా అత్త, ఆమె వెనకాల నేను. పెద్దాయన ఇంకా మంచం దిగలేదు. మా మామ పొయ్యి మీది కుండ మూత తీశాడు. అడుగున చింతాకు ఉడికిన నీళ్ళు. జొన్నల కుండ బోర్లించి ఉంది. రోజూ సాయంత్రం పొయ్యి వెలిగించి, ఆ నీళ్ళు కాచుకుని తాగి, మూతి తుడుచుకుని మా అరుగు మీదికి వస్తున్నాడన్నమాట ఆయన. మా పాతరలో తన గింజలు ఉండగా.

"నీ జొన్నలు నా పాతరలో ఉండాయి గదన్నా," అన్నాడు మా మామ. "ఒక మాట అడగొచ్చు గదా."

పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని, తుండుగుడ్డ భుజం మీద వేసుకున్నాడు.

"నేనడిగితే నువ్వు పాతర తియ్యాల్సొస్తాది. తీస్తే ఊరంతా కొల్చుకోని పోతారు. వచ్చే ఏడు నీ పిల్లోల్లు ఏం తినాల? అందుకే అడగల్యా."

నాకు అప్పుడు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. ఒకరు అడగకపోవడం మర్యాద అనుకున్నారు, ఇంకొకరు అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నారు. వీధికి ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు, రోజూ పక్కపక్కనే కూర్చుని.

ఆ పూటే గడ్డపార దిగింది. మన్ను తీసి, రాయి పక్కకు జరిపితే లోపలి నుంచి వచ్చిన ఆవిరికి నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పులిసిన వాసన, మట్టి వాసన, పాత గడ్డి వాసన కలిసిన ఘాటు అది. దీపం వెలిగించి తాడుతో లోపలికి దింపారు. సగం దిగేలోపే ఆరిపోయింది. దీపం ఆరిందంటే లోపల గాలి విషమని అర్థం, మనిషి దిగితే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఆ రోజుకు నోరు తెరిచి వదిలేశారు. ఆ సాయంత్రం మా అత్త మా అంబలిలోంచే ఒక చెంబెడు తీసుకుపోయి పెద్దాయనకు తాగించింది. ఆయన ఇది చాలా అన్యాయమని, ఇంకో ఏడు ఉంచాల్సిన పాతరను తన పేరు మీద తీశారని గొణుగుతూనే తాగాడట. మరునాడు దీపం ఆరలేదు. మనుషులు దిగారు, గంపలు పైకి వచ్చాయి. గోడల పక్కన ఉన్న గింజలు నల్లబడ్డాయి గానీ నడుమ గింజలు బాగున్నాయి. అనుకున్నట్టే ఊరంతా వచ్చింది. మా మామ అందరికంటే ముందు పెద్దాయన గింజలు కొలిచి, ఆ మూట తానే భుజాన వేసుకుని వీధి దాటించాడు.

ఆ మరుసటి పొద్దున ఎదురింట్లో విసుర్రాయి మోగింది. మా అత్త కళ్ళాపి చల్లుతూ చల్లుతూ ఆగి, చేతిలో చెంబు అలాగే పట్టుకుని వింది. నెమ్మదిగా, ఆగి ఆగి మోగింది. అయినా ఆమె మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. నేనూ ఆ రోజు నా రొట్టెలు గుండ్రంగా వచ్చాయని గొప్పగా అనుకున్నాను. పాతర జొన్నల రొట్టెకు ఒక చేదు ఉంటుంది. ఆకలి మీద ఉన్నవాళ్ళకు అది తెలియదని అప్పుడే తెలుసుకున్నాను.

కానీ ఎండిన కడుపు ఆ రొట్టెను పట్టలేకపోయింది. కొన్నాళ్ళకే ఆయనకు కడుపు కట్టు తప్పి విరేచనాలు పట్టుకున్నాయి. జమ్మలమడుగు నుంచి డాక్టరును పిలిపించారు, మందు ఇచ్చి పోయాడు. మా అత్త గంజి కాచి చెంచాతో పోసేది. మా మామ అరుగు మీద కూర్చోవడం మానేసి ఆ మంచం పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలియదు. ఒక మధ్యాహ్నం, ఎండ వాకిలి దాటి లోపలికి వచ్చే వేళ, పెద్దాయన పోయాడు.

కూతురు వచ్చింది. పాడె కట్టారు. పోయినవాళ్ళ నోట్లో అయినవాళ్ళు నాలుగు బియ్యపు గింజలు వేయడం ఆచారం. వీధిలో ఏ ఇంట్లోనూ బియ్యం లేవు. ఎవరో పక్క ఊరికి పంపిస్తామన్నారు. మా మామ చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు. లోపలికి పోయి ఆయన కుండలోంచే గుప్పెడు జొన్నలు తీసుకువచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఆయన నోట్లో పోశాడు.

"నీ జొన్నలే అన్నా. ఇప్పుడన్నా తిను."

ఆ మాట విన్నాక వీధిలో ఆడవాళ్ళం ఎవరమూ ఏడుపు ఆపుకోలేకపోయాం.

మూడో ఏడు వాన వచ్చింది, చెరువులు నిండేంత వాన. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా మా మామ చాలా ఏళ్ళు బతికాడు. ఆ తరువాత ఆయన ఎవరినీ తిన్నావా అని అడగలేదు. ముసలివాళ్ళు ఒంటరిగా ఉండే ఏ ఇంటికి పోయినా నేరుగా పొయ్యి దగ్గరికి పోయి కుండ మూత ఎత్తి చూసేవాడు. పెద్దమనిషికి ఇదేం బుద్ధి అని వీధి కోడళ్ళు నవ్వుకునేవాళ్ళు, మూలింటి చెవిటి అవ్వ అయితే మొహం మీదనే తిట్టేది. ఆయన వినిపించుకునేవాడు కాదు. ఇప్పుడు ఆ వయసు నాకూ వచ్చింది గనుక ఆయన మనసు కొంచెం తెలుస్తోంది. ఎప్పుడో రాబోయే చెడ్డ ఏడు కోసం ఆయన ఆ గింజలు దాచాడు. ఆ ఏడు అప్పటికే వచ్చి, మా ఎదురింట్లో కాపురం ఉంటోందని మాలో ఎవరికీ తెలియలేదు.