రాజును చంపిన కత్తి అందించింది నేనే

మనవరాలు నాట్యం అయ్యాక ముఖం రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటుంటే, ఆ వాసనకి ఫ్రెంచివాళ్ల నాటి మా ముదలియార్‌పేట వీధినాటకం గుర్తొచ్చింది. మా పేటవాళ్లయితే మీకూ గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి రాజు చచ్చిపోతాడు. చచ్చాక ఆ వేషగాడు రంగు తుడుచుకోకుండా నోరు విప్పితే పేటకి కీడని నమ్మేవాళ్లం.

ఆ ఏడు రాజు మా నాయన. ఆయన కదలకుండా పడి ఉంటే, తప్పు రాజు పొగరుదా, మంత్రి సలహాదా అని పెద్దలు వాదులాడుకుంటున్నారు. శత్రువు వేషగాడికి కత్తి అందించింది నేను.

"నాయన్ని నేనే చంపేసినా!" అని బావురుమన్నాను.

రంగు ముఖంతోనే నాయన లేచి కూర్చున్నాడు. "ఏంది పాపా, నేను యాడ చచ్చినా? ఇట్రా" అని ఒళ్లోకి లాక్కున్నాడు.

ఆ ఏడాదంతా వాన పడకపోయినా, ఆవు పాలివ్వకపోయినా తప్పు నాయనదే అన్నారు. "నాదే లే" అని నవ్వేవాడు. నా కత్తి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.