చర్చి పూలూ, కారు బుష్‌లూ

మా ముత్తాత కోస్తాలో ఒక మిషన్ బడికి తొలి తెలుగు హెడ్మాస్టరు. తాతగారు సికింద్రాబాదులో జడ్జి. ఆయన కారు దిగితే చర్చి వాకిట్లో మాటలు ఆగేవి. ప్రభువు బల్ల మీద ఆదివారం పూలు పెట్టే హక్కు ఆయన కాలం నుంచీ మా ఇంటిది. ఇత్తడి కూజాలో నీళ్లు పోసి, పూలు అమర్చి, వెనక సీట్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడం అమ్మ వంతు.

హైటెక్ రోజులొచ్చాక మా మేడ మీద ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు కొత్త కారుతో సహా అద్దెకు దిగాడు. మా పాత కారు అప్పటికి ప్రతి మలుపులోనూ ఊగుతోంది. చక్రాల కుదుపు ఒంటికి తగలకుండా ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే బుష్‌లు అరిగిపోయాయని బోయిన్‌పల్లి మెకానిక్ తేల్చాడు. రబ్బరువి మెత్తన, తొందరగా అరుగుతాయి. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌వి గట్టివి, చాలాకాలం మన్నుతాయి. మా ఇంట్లో మెత్తటి పరుపును కూడా బలహీనత అనేవారు. అన్ని చోట్లా గట్టివే వేయించాను.

కారు ఊగడం మానేసింది. స్టీరింగ్ చెప్పిన మాట వింది. ఆదివారం దర్జాగా నడిపి, చర్చి దగ్గర వెనక తలుపు తీశాను. కూజాలో నీళ్లు సగమే ఉన్నాయి. తక్కినవి అమ్మ పట్టుచీర కుచ్చెళ్లలో ఉన్నాయి.

"మీ తాతగారు ముద్దాయిల్ని కూడా ఇలా కుదపలేదురా," అంది అమ్మ.

ఆ సాయంత్రం అమ్మ పట్టుచీర ఆరేస్తుంటే పైవాటా కుర్రాడు మెట్ల దగ్గర ఆగాడు. "ఆంటీ, వచ్చే సండే నా కార్ల రండి. జెర సుత కుదుపు ఉండది."

అమ్మ ఆలోచిస్తానంది. ఆమె ఆలోచిస్తానందంటే సగం ఒప్పుకున్నట్టే. మా పూలు అద్దెకున్నవాళ్ల కారులో చర్చికి వెళ్లడమా?

మర్నాడే బోయిన్‌పల్లి వెళ్లాను. అంతా రబ్బరే వేస్తే స్టీరింగ్‌లో ఈ బిగువు ఉండదన్నాడు మెకానిక్. నాకొక ఉపాయం తోచింది. అమ్మ కూర్చునే వైపు, వెనక బరువు మోసే కమాను పట్టీలకు రబ్బరు బుష్‌లు వేయించాను. నా చేతుల కింద, ముందు చక్రాలకు పాలీనే ఉంచాను. దెబ్బలేవో నేనే తింటాను. శనివారం నిండు కూజాతో మౌలాలి దాకా వెళ్లొచ్చాం. దారి పొడవునా అమ్మ చూపు నీళ్ల మీదే ఉంది. ఇంటికొచ్చాక చీర అంచు తడిమి చూసుకుని లోపలికి వెళ్లింది.

ఆదివారం కుర్రాడు తన కారు తలుపు తీసి నిలబడ్డాడు. అమ్మ కూజాతో మా కారు వైపు నడిచింది.

"వద్దులే నాయనా, మావాడికి బుద్ధొచ్చింది."

తర్వాత కూడా ఆ కారును చాన్నాళ్లు పోషించాం. అందుకోసం కారు షెడ్డునూ, దాని పక్క జాగానూ అమ్మేశాం.