మైకులో పిలిచిన పేర్లు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఇంట్లో మగ్గం గుంటలో ఏదో ఉందని మా నానమ్మ భయపెడుతుంటే, ఎండాకాలం చల్లగా ఉంటుందని ఆ గుంటలోనే కాళ్లు పెట్టుకుని చదువుకున్నదాన్ని. పైగా నేను చదివిన చదువు కూడా అలాంటిదే. పుకారు ఎలా పుడుతుంది, ఎవరి నోట పెరుగుతుంది, దాన్ని ఎలా ఆపాలి అని పుస్తకాలు చదివి పరీక్షలు రాశాను. కాబట్టి ఇప్పుడు రాస్తున్నదాన్ని ఎవరైనా పుకారు అంటే నాకు కోపం రాదు. అక్కడ లేకపోయి ఉంటే నేనూ అదే మాట అనేదాన్ని.

మాది కడప జిల్లాలో ఒక నేత ఊరు. డిగ్రీ అయ్యాక కర్నూలులో పబ్లిక్ రిలేషన్స్ పీజీలో చేరాను. తెలుగులో ప్రజా సంబంధాలు. ఆ పేరే నా కొంప ముంచింది. మా అమ్మ వీధిలో అందరికీ "మా హేమ సంబంధాల చదువు చదువుతాంది" అని చెప్పింది. కొద్దిరోజులకే మా మేనత్త తన కొడుకు జాతకం నాకు వాట్సాప్‌లో పంపింది. నాకోసం కాదు, ఎక్కడైనా మంచి పిల్ల ఉంటే చూసిపెట్టమని. ఆమెను చూసి ఇంకొందరు పంపారు. నాకు చేతకాదంటే, చదువు ఇంకా పూర్తి కాలేదు కదా, అయ్యాక వస్తుందిలే అని నాకే ధైర్యం చెప్పారు.

రెండో ఏడాది ప్రాజెక్టు చెయ్యాలి. కాగితాల మీద కాదు, నిజంగా జనంలోకి వెళ్లి ఒక ప్రచారం మొదటినుంచి చివరిదాకా నడిపించాలి. నాకు కంటి వైద్య శిబిరం వచ్చింది. ఒక స్వచ్ఛంద ఆసుపత్రివాళ్లు ఆదోని అవతల, కర్ణాటక సరిహద్దు వైపు పల్లెల్లో ఉచితంగా కళ్లు పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు ఆపరేషన్ చేయిస్తారు. జనాన్ని రప్పించడం నా పని. ఊరి పేరు రాయను. రాస్తే మళ్లీ మైకు ఎప్పుడు పంపుతావని నాకు ఫోన్లు వస్తాయి.

మొదటి శిబిరం దారుణంగా పోయింది. గోడలకు పోస్టర్లు అంటించాను. ఆసుపత్రి డాక్టరమ్మ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకాయన టీ ఇస్తారేమోనని వచ్చాడు. వారం తర్వాత వెళితే ఆ ఫ్లెక్సీ ఉల్లిగడ్డల కుప్ప మీద కప్పి ఉంది. కుప్ప మీదినుంచి డాక్టరమ్మ నవ్వుతోంది. వానకు ఒక్క గడ్డ తడవలేదని, మంచి పట్ట ఇచ్చినానని ఆ రైతు నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఎందుకు రాలేదని ఇంటింటికీ వెళ్లి అడిగాను. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను పోల్చుకోవడానికి తంటాలు పడుతున్నవాళ్లు సైతం ఒకటే మాట అన్నారు. "మమ్మల్ని ఎవురు పిలిసినారమ్మా?"

పోస్టరు గోడకే. పిలుపంటే గడప దగ్గరికి వచ్చి పేరు పెట్టి పిలవడం. మా ఇంట్లోనూ అంతే. శుభలేఖ కిటికీలోంచి పడేసి పోయినవాళ్ల పెళ్లికి మా నాన్న ఇంతవరకూ వెళ్లలేదు. ఇది తెలుసుకోవడానికి నాకు పీజీ అక్కర్లేదు, కానీ పీజీలో చేరాక మర్చిపోయాను.

మా గైడ్ సార్ కచ్చితమైన మనిషి. ఏం చెప్పినా ఆధారం అడుగుతాడు. రెండో శిబిరం కూడా ఇలాగే పోతే ఈ ప్రాజెక్టు ఒప్పుకోనని, ఏడాది వెనక్కి వెళ్లాల్సిందేనని చెప్పేశాడు. ఆసుపత్రివాళ్లు కూడా, జనం రాకపోతే వ్యాన్ వేరే వైపు పంపుతామన్నారు. ఇంటింటికీ తిరిగి పిలుద్దామంటే పత్తి తీసే రోజులు, ఇళ్లకు తాళాలు, మనుషులంతా చేలల్లో. చేను దాకా వినపడేది మైకు ఒక్కటే.

హాస్టల్ గదిలో నెత్తిన దుప్పటి కప్పుకుని నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేశాను. రేపు పొద్దున మన ఊరి బడిలో ఉచిత కంటి పరీక్షలు, చూపు మసకగా ఉన్నవాళ్లు, పొర వచ్చినవాళ్లు అందరూ రండి, ఆపరేషన్ కూడా ఉచితం. ఇంతే ఉంది అందులో. మధ్యలో వంటగది కుక్కర్ విజిల్ పడింది. మళ్లీ చేస్తే కుక్క మొరిగింది. విజిలే నయమనుకుని అదే ఉంచాను. ఎవరి పేరూ అందులో లేదు. ఊరిపేరు కూడా లేదు, "మన ఊరు" అని మాత్రమే ఉంది.

ఆదోని నుంచి మస్తాన్ అనే పెద్దాయన ఆటో మాట్లాడుకున్నాను. ఆటో పైన రెండు లౌడ్‌స్పీకర్లు, లోపల పెన్‌డ్రైవ్ పెట్టే పెట్టె. చేత్తో పట్టుకుని మాట్లాడే మైకు అందులో లేదు. మస్తాన్‌కు ఆ ఊరు కొత్త. ఎవరి పేరూ తెలియదు. మొదటి చుట్టు నేనూ ఆటోలో కూర్చుని తిరిగాను. నా గొంతు, కుక్కర్ విజిల్, మళ్లీ నా గొంతు. తర్వాత బడి దగ్గర దిగి బెంచీలు సర్దుకుంటుంటే, మస్తాన్ చేల వైపు వెళ్లాడు.

ఇంకా ఎండ ఉండగానే ఈరన్న అనే ఆయన బడికి వచ్చాడు. ట్రాక్టర్ నడుపుతాడట. ముఖం ఎర్రగా ఉంది. వెనకాల గొడవ చూద్దామని పదిమంది.

"ఏమ్మా, సదువుకున్న పిల్లవు. ఈరన్నా, నీ కుడికంట్లో పొర వచ్చిండాది, ఎన్నాళ్లు దాస్తావు అని మైకులో ఊరంతా చెప్తావా? రేపు నాకు ట్రాక్టర్ ఎవురిస్తారు?"

నా రికార్డులో ఎవరి పేరూ లేదని చెప్పబోయాను. ఈలోగా ఆ పదిమందిలోంచి నాగప్ప అనే పెద్దమనిషి ముందుకొచ్చాడు. ట్రాక్టర్ ఆయనదే.

"నీ పేరు యాడ పిలిసినారప్పా? పిలిసింది నన్ను కదా" అన్నాడు. అంటూనే ఈరన్న ముఖంలోకి చూశాడు. "పొర వచ్చిండాదా నీకు?"

ఈరన్న కోపం అక్కడే దిగిపోయింది. ఊరికి చెప్పింది మైకు కాదు, ఆయనే.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. నన్ను పిలిచినారంటే నన్ను పిలిచినారని. ఒక మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని పత్తి తీస్తున్నారట. మొగుడికి మొగుడి పేరే వినపడింది, పెళ్లానికి పెళ్లాం పేరే. నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని అక్కడే తగువు. కొందరిని మర్యాదగా పిలిచారట, కొందరిని తిట్టి పిలిచారట. తిట్లు తిన్నవాళ్లు నాకేసి గుర్రుగా చూశారు. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే, గొంతు మాత్రం నాది.

ఇది మస్తాన్ పనేనని మొదట అనుకున్నాను. ఆటో వెనక్కి రాగానే అందరి ముందూ పెన్‌డ్రైవ్ పెట్టించాను. ఉచిత కంటి పరీక్షలు, విజిల్, ఆపరేషన్ ఉచితం. జనం శ్రద్ధగా విన్నారు.

"ఇది కాదప్పా, ఆ ఇంగొకటి పెట్టు" అన్నాడు నాగప్ప.

"కసమ్, ఉండేదే ఇదొకటి" అని ఒట్టు పెట్టాడు మస్తాన్.

అప్పటిదాకా నాకు భయం లేదు, ఎవరో ఆట పట్టిస్తున్నారన్న చిరాకు మాత్రమే ఉంది. అప్పుడు హనుమక్క అనే ముసలామె, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. రెండు కళ్లూ తెల్లగా ఉన్నాయి. చేత్తో నా ముఖం తడిమింది.

"చిట్టెమ్మీ అని పిలిసినావు" అంది. "మా పుట్టింట్లో మా అమ్మ ఒక్కతే అట్ల పిలిసేది. ఈ ఊర్లో ఎవురికీ తెలీదు. మా అమ్మ నీకెట్ల తెల్సు?"

తెలియదని చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను గొప్పలు చెప్పుకోని పిల్లనని మెచ్చుకుంది.

మర్నాడు పొద్దున బడి ఆవరణలో జనం పట్టలేదు. డాక్టరమ్మ వ్యాన్ దిగి, ఇక్కడ జాతర ఏమైనా ఉందా అని అడిగింది. వరస బడి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. దాంతో పాటు ఇంకో గుంపు తయారైంది, పిలుపు రానివాళ్లు. పక్కింటాయన్ని పిలిచి మమ్మల్ని ఎందుకు పిలవలేదు, మేము ఊర్లో లేమా అని నా మీదికి వచ్చారు. పుస్తకంలో ఇలాంటి సమస్యకు పరిష్కారం ఎక్కడా చదివినట్టు గుర్తులేదు. చేతులు జోడించి, పొరపాటైంది, మిమ్మల్నీ పిలుస్తున్నాను రండి అని ఒక్కొక్కరినీ పేరు అడిగి పిలిచాను. సంతోషంగా వరసలో నిలబడ్డారు.

మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. మైకు పిలిచిందని వచ్చినవాళ్లందరి కళ్లలో ఏదో ఒకటి ఉంది. పిలవలేదని అలిగి వచ్చినవాళ్ల కళ్లు శుభ్రంగా ఉన్నాయి. నువ్వు ముందే పరీక్ష చేయించి పిలిచావా అని అడిగింది. చివర్లో ఉరుకుందు అనే కుర్రాడు వచ్చాడు. దూరంగా కొండ మీద మేకల్ని లెక్కపెట్టగలను, నన్నెందుకు పిలిచారని ఎగతాళికి వచ్చాడు. అతనికి నీటికాసులు మొదలయ్యాయి. నొప్పీ మసకా లేకుండానే ఆ జబ్బు లోలోపల చూపును తినేస్తుందని, ఇప్పుడు రాకపోయి ఉంటే కొన్నేళ్లలో చీకటేనని డాక్టరమ్మ చెప్పింది. ఉరుకుందు నవ్వు ఆపి, మళ్లీ ఎప్పుడు రావాలని అడిగాడు.

హనుమక్కకు ముందు ఒక కన్ను ఆపరేషన్ చేశారు. కట్టు విప్పినరోజు నన్ను చూసి, గొంతు విని ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నానని అంది. ఈరన్నకూ కన్ను బాగైంది. బాగయ్యేదాకా నాగప్ప శిబిరంలో ఇచ్చిన కళ్లజోడు పెట్టుకుని తానే ట్రాక్టర్ నడిపి, తిరిగి ఇతనికే ఇచ్చాడు.

జరిగింది జరిగినట్టే రిపోర్టులో రాశాను. సార్ ఆ పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "ఆధారం?" అని రాశాడు. జనం ఒకరి మాట విని ఒకరు ఊహించుకున్నారని అనుకోవచ్చు కదా అన్నాడు. అనుకోవచ్చు. నేనూ చాలా రోజులు అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. మరి ఉరుకుందు కంట్లో ఉన్నది ఎవరు ఊహించారని అడిగితే, సార్ పెన్ను మూత పెట్టి, తర్వాతి శిబిరానికి నేనే వస్తానన్నాడు.

అది పక్క ఊళ్లో. అదే ఆటో, అదే పెన్‌డ్రైవ్. సారూ నేనూ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాం. ఇద్దరం మాట్లాడకుండా వినాలని సార్ ముందే చెప్పాడు. ఆటో మెల్లగా మా ముందునుంచి వెళ్లింది. నాకు నా గొంతు వినపడింది, విజిల్ వినపడింది. అంతే.

సార్ చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు. క్లాసులో ఎప్పుడూ పుస్తకం చదివినట్టు మాట్లాడే మనిషి, నా వైపు తిరిగి, చాలా చిన్నగా అడిగాడు.

"మా పెద్దక్క నీకు యాడన్నా కనపడిందా?"

లేదు సార్ అన్నాను. పెద్దక్క పోయి శానా ఏండ్లయింది అన్నాడు.

మర్నాడు పొద్దున బడి దగ్గరికి వెళ్లేసరికి సార్ వరసలో ఉన్నాడు. ముందు గొర్రెల కాపరి, వెనక ఒక చంటిపిల్ల తల్లి. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు. నేను ముందుకు తీసుకెళ్తానంటే వద్దన్నాడు. ఆయనకు చక్కెర జబ్బు ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు. అది కంటి వెనక నరాలను పట్టడం మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. సమయానికి వచ్చారంది.

నాకు మంచి మార్కులే వచ్చాయి. కొట్టేసిన పేరా గురించి సార్ మళ్లీ ఎత్తలేదు. మైకు ఆయన్ని ఏమని పిలిచిందో నేను అడగలేదు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో ఆ ఆటో పక్కన నడిచాను, చెవి ఒగ్గి విన్నాను. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. అనుమానం తీరక డాక్టరమ్మతో నా కళ్లు చూపించుకున్నాను. నిక్షేపంగా ఉన్నాయంది. అక్కడ ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. పిలిచింది నా గొంతే అని అందరూ అంటారు. గొంతు నాదే కావచ్చు, పిలిచింది మాత్రం నేను కాదు.