వాసన తెలియని ఇంజనీరు

మా అక్కకు భయం ఎక్కువ, నాకు నోరు ఎక్కువ. ఆ భయంతోనే ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఊరంతటికీ నీళ్ళు శుద్ధి చేస్తోంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే క్లోరిన్ పంపు ఆగిపోతే, పైఅధికారి ఆ సంగతి దాచి నీళ్ళు వదిలేశాడు. వాంతులతో పిల్లలు ఆసుపత్రిలో పడ్డారు. ఒక పాప ఇంటికి తిరిగి రాలేదు. ఆ తల్లి ఎవరినీ ఒక్క మాట అనకుండా ప్లాంటు గేటు దగ్గర రోజంతా కూర్చుందట. అప్పటి నుంచి అక్క మా ఇంట్లో బిందె మీద మూత ఉందో లేదో కూడా రెండుసార్లు చూస్తుంది.

ఎనిమిదేళ్ళ కిందట క్లోరిన్ సిలిండర్ లీకైతే అందరూ పరుగు లంకించుకున్నారు. ఈ మహాతల్లి మాత్రం తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళి సిలిండర్ కట్టేసి వచ్చింది. బతికి బట్టకట్టింది కానీ ముక్కు పోయింది. పాలు మాడినా తెలియదు, ఇల్లంతా నవ్వుకునేవాళ్ళం. ఆఫీసులో మాత్రం చెప్పలేదు. చెబితే ప్లాంటులోంచి తీసి ఫైళ్ళ ముందు కూర్చోబెడతారని బెంగ. నేనూ నోరు మూసుకున్నాను. నా జన్మలో అదొక్కసారే.

మొన్న వానలకు నది బురదగా వచ్చింది. ఆ హడావుడిలో అక్క క్యారియరు మరిచిపోయి వెళ్తే, తిట్టుకుంటూ నేనే పట్టుకెళ్ళాను. ల్యాబులో గాజు గొట్టంలో నీళ్ళు పోసి, మాత్ర వేసి చూస్తోంది. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

పొద్దుటి నుంచి మూడుసార్లు డోసు పెంచినా రంగు రావడం లేదట. పంపు పాడైందేమోనని ఆపరేటరును విడిభాగాల కోసం స్టోరుకు పంపిందట. పన్నెండింటికి ఊరికి వాల్వు తెరవాలి. ఆసుపత్రి ట్యాంకు అడుగంటిందని అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. తెరుద్దామంటే మళ్ళీ ఆ పాప గుర్తొస్తోంది, తెరవకపోతే ఆసుపత్రికి చుక్క నీరుండదు. నాలుగోసారి డోసు పెంచడానికి లేచింది. 

వెంట వెళ్ళాను. శుద్ధి చేసిన నీళ్ళుండే ట్యాంకు గది తలుపు తీయగానే కళ్ళు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది.

"అక్కా, ఆగు. ఈ ఘాటుకు నాకు ఊపిరాడటం లేదు."

"క్లోరినే లేదంటుంటే ఘాటేమిటే?"

"నీకు ముక్కు లేదు. నాకుంది."

అక్క పరుగున వెళ్ళి ల్యాబులోంచి గొట్టం, మాత్రలు పట్టుకొచ్చింది. తర్వాత ట్యాంకులోంచి ఒక చెంచా నీళ్ళు తీసి, క్లోరిన్ లేని తొమ్మిది చెంచాల సీసా నీళ్ళలో కలిపి, మాత్ర వేసింది. గొట్టం ఎర్రబడింది. క్లోరిన్ మరీ ఎక్కువైతే పుట్టిన రంగును అదే చంపేస్తుంది. కొత్తవాళ్ళకు ఈ పాఠం చెప్పేది ఈవిడే. బురద చూసి ముందు షిఫ్టువాడు డోసు బాగా పెంచేసి, రిజిస్టరులో రాయకుండా ఇంటికి పోయాడని తర్వాత తేలింది. దాని మీద అక్క మూడుసార్లు పెంచింది.

పంపు ఆపేసింది. ఆసుపత్రికి ట్యాంకర్లు పంపమని ఫోన్ చేసింది. గడియారంలో పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువ. అప్పుడు నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకొక్క డోసు పెంచి, క్లోరిన్ ఇక పడే ఉంటుందిలే అని తెరిచేద్దామనుకుందట.

తెరిచి ఉంటే ఆ ఘాటు నీళ్ళే ఊరందరూ తాగేవాళ్ళు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"ఏమీ కాలేదు కదక్కా. ఎవరికీ చెప్పొద్దు. నేనూ చెప్పను."

అక్క తలెత్తి నా వైపు చూసింది.

"అప్పుడు మా పైఅధికారీ ఇదే మాటన్నాడే."

లేచి రిజిస్టరు తీసింది. డోసు పెంచిన తప్పు తనదని, ఎనిమిదేళ్ళుగా తనకు వాసన తెలియదని రాసి సంతకం పెట్టింది. సాక్షిగా నన్నూ పెట్టమంది. పెన్ను తీసుకుని ఆవిడ సంతకం కిందే నాదీ పెట్టాను.