తాళంచెవి ఇచ్చిన చెయ్యి

ఉస్తాద్ పోయి ఇవాళ్టికి రెండు వారాలు. మీర్‌పేట్‌లోని కిరాయి ఇంట్లో, పొద్దున స్నానానికి నీళ్లు కాగుతుండగా ఛాతీ పట్టుకుని గడప మీద కూర్చున్నాడట. దవాఖానకు తీసుకెళ్లడానికి ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "మీ ఉస్తాద్ లేడు బిడ్డా" అన్నది. నేనప్పుడు సూర్యాపేట దగ్గర హోటల్ ముందు లారీ ఆపి ఇడ్లీ తింటున్నాను. చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి, వెళ్లి క్యాబిన్‌లో కూర్చున్నాను.

ఆయన మీకు తెలిసి ఉండకపోవచ్చు. ఎల్బీనగర్ నుంచి విజయవాడ వైపు కారులో పోతుంటే ఏ లారీ అయినా ఎడమకు జరిగి మీకు దారి ఇచ్చి ఉంటే, ముప్పై ఏళ్లలో ఎప్పుడో ఒకసారి అది ఆయన బండే అయి ఉండొచ్చు. లారీ లైన్లో పని నేర్పినవాణ్ని ఉస్తాద్ అంటారు. నేను ఆయన్ని ఇంకో పేరుతో పిలిచింది లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో ఆరేళ్లు చీరలు మడతపెట్టాను. షాపు మూతపడ్డాక, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, అప్పట్లో మా పక్కింట్లో ఉండే ఉస్తాద్ దగ్గరికి వెళ్లి లారీ నేర్పమన్నాను.

"గీ లైను నీకెందుకు బిడ్డా? చీర చినిగితె ఇంకోటి ఇస్తవు. గిక్కడ అట్ల నడ్వదు" అన్నాడు. అన్నాడే గానీ హెవీ లైసెన్స్ వచ్చేదాకా వెంట తిరిగాడు. వచ్చాక ఎనిమిది నెలలు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆయన మాటకారి. నల్గొండ దగ్గరి తన ఊరి సంగతులు చెబుతూనే ఉండేవాడు. అయితే రోడ్డు వాలు మొదలవగానే వాక్యం మధ్యలో ఆగిపోయేవాడు. చదును రోడ్డు వచ్చాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవాడు. ఆ మధ్యలోని నిశ్శబ్దం నాకు భయంగా ఉండేది. "ఖాళీ బండి నీ మాట ఇంటది, లోడు బండి రోడ్డు మాట ఇంటది" అనేవాడు. "బ్రేకు కాలుతోని కాదు, ముక్కుతోని ఎయ్యాలె" అనేవాడు. కాలిన వాసన దాకా రానివ్వకుండా ముందే గేరు తగ్గించాలని అర్థం.

రెండేళ్ల కింద ఆటోనగర్‌లోని ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు నన్ను డ్రైవర్‌గా తీసుకున్నారు. మొదటి ట్రిప్పు సిమెంట్ లోడు. నల్లమల ఘాట్ దిగి మార్కాపురం వెళ్లాలి. నేను చెప్పకపోయినా ఉస్తాద్ పొద్దున్నే వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. తర్వాత క్యాబిన్ ఎక్కి, ఇంజన్ బంద్ చేసి, బ్రేకు మీద కాలుపెట్టి కూర్చున్నాడు. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఆ గాలి ఎంతుందో చూపించే ముల్లు మా ఇద్దరి కళ్లముందే మెల్లగా కిందికి జారుతోంది. సీటు కింద ఎక్కడో సన్నగా సుయ్‌మంటోంది.

"దిగు" అన్నాడు. తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

మేనేజర్ వచ్చాడు. "నిన్నటిదాంక తిరిగిన బండే గదా. ఏమైంది?"

"నిన్న కాలేదని ఇయ్యాల గాదా? గాలి పోతున్నది. మిస్త్రీకి సూపియ్యి."

"లోడు ఇయ్యాలనే చేరాలె. మీ పోరడు పోకుంటె ఇంకొకడు పోతడు. చెవి ఇయ్యి."

నాకు తల కొట్టేసినట్టయింది. మొదటి రోజే ఉద్యోగం పోతోంది. ఇంట్లో నా భార్య దేవుడి ముందు దీపం పెట్టి పంపింది. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలో నేను చూస్తుండగానే, ఆయన గుప్పిట విప్పి తాళంచెవిని మేనేజర్ చేతిలో పెట్టాడు.

ఇంకొక డ్రైవర్ అక్కడే టీ తాగుతున్నాడు. రాజమండ్రి దగ్గరి ఊరివాడు, నాకంటే చిన్నవాడు, లైనుకు కొత్త. "నేను తీసుకెళ్తానండి" అని లేచాడు. ఉస్తాద్ అతని భుజం పట్టుకుని, "ఘాట్ల చిన్న గేరులనే దింపు బిడ్డా. జర పైలం" అన్నాడు.

"ఏం పర్లేదు బాబాయ్, మీరేం కంగారు పడకండి" అని నవ్వాడతను.

లారీ గేటు దాటింది. అది మలుపు తిరిగాక కూడా ఉస్తాద్ అటే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి పోదామంటే రాలేదు. టీ తెచ్చిస్తే తాగలేదు. మధ్యాహ్నం నుంచి మేనేజర్‌తో ఫోన్ చేయిస్తూనే ఉన్నాడు. అడవిలో సిగ్నల్ ఉండదని మేనేజర్ విసుక్కున్నాడు. నాలుగింటికి ఫోన్ మోగింది. మేనేజర్ "ఎక్కడ?" అని అడిగి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఘాట్ దిగుతుంటే బండి ఆగలేదట. కొండకు గుద్దుకుందట. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడట.

ఆ క్షణంలో నేను బతికానన్న ఊపిరి ఒకటి పీల్చుకున్నాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

ఉస్తాద్ తన అరచేయి చూసుకుంటూ అన్నాడు: "చెవి నా చేతులనే ఉండె బిడ్డా. నేనే ఇచ్చిన. నీ ఒక్కని కోసం వచ్చిన. నువ్వు దిగినవ్. ఇగ నా పని అయిపోయిందనుకున్న."

తర్వాత ఆయన లారీ నడపలేదు. ఒక్కడే ఆ అబ్బాయి ఊరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు తండ్రికి చెప్పి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, "అన్నం పెట్టిన్రు" అన్నాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో ఆటోనగర్ వచ్చేవాడు. బయల్దేరే బండ్లను, ముఖ్యంగా కొత్త డ్రైవర్ల బండ్లను, ఎవరూ అడక్కుండానే చూసేవాడు. కొందరు దండం పెట్టేవారు, కొందరు తరిమేవారు. ఒకసారి తాళంచెవి ఇవ్వనంటే ఒకతను గల్లా పట్టుకున్నాడు. అంగీ గుండీలు తెగినా గుప్పిట విప్పలేదు. చివరికి మిస్త్రీ వచ్చి చూస్తే ఆ బండిలో ఏ లోపమూ లేదు. అందరూ నవ్వారు. "మంచిదే గదా" అని, గుండీలు ఏరుకుని ఇంటికి పోయాడు.

నేను ఇప్పుడు నడుపుతున్నది ఆయన దయ వల్ల. కానీ ఏ వాలు దిగుతున్నా, నా సీటులో ఇంకెవరో కూర్చుని ఉన్నారనిపిస్తుంది.

మొన్న దశదినకర్మకు ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు. నేనెవరో చెప్పాను. చాలాసేపు నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఆ వేళ మావాడు ఏమైనా తిన్నాడా బాబూ?" అని అడిగాడు.

"టీ తాగిండు. రెండు బిస్కెట్లు తిన్నడు, సార్."

"పర్లేదు. ఏదో ఒకటి తిన్నాడు" అన్నాడు.

సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో ఆయన్ని బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు లారీల మధ్య మెల్లగా కదులుతోంది. పక్కకు వచ్చిన ప్రతి లారీ క్యాబిన్ వైపు ఆయన తలెత్తి, డ్రైవర్ ముఖం చూస్తున్నాడు.